సాయన్న బొటనవేలు

1974లో చెవి, ముక్కు, గొంతు విభాగానికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా నన్ను నిజామాబాద్‌కు వేశారు. ఆ వానాకాలంలో బోధన్ వైపు నుంచి సాయన్న అనే చెరుకు బండి తోలేవాడు తన అన్నతో వచ్చాడు. స్వరపేటికలో కేన్సర్. పేటిక మొత్తం తీసేశాం. ఇక ఊపిరంతా మెడ ముందు చేసిన రంధ్రంతోనే. మాట ఉండదు.

ప్రాణం దక్కింది కదా అని తృప్తిపడ్డాను. డిశ్చార్జి రోజు భార్య లచ్చవ్వ వచ్చింది. ఆమెకు రెండు కళ్లూ కనపడవు. సైగలు కనిపించవు. రాసి చెప్పుకోవడానికి ఇద్దరికీ చదువు రాదు. "పక్కన ఉన్నడో లేడో నాకెట్ల తెల్వాలె సారూ?" అని అడిగింది. 

గాలి మింగి త్రేన్పుతో మాట్లాడే పద్ధతి నేర్పాం, అతనికి పట్టుబడలేదు. చివరికి చర్మంతో సన్నని గొట్టం కట్టి, శ్వాసనాళం నుంచి ఆహారనాళం పై భాగానికి దారి చేశాను. మెడ రంధ్రాన్ని బొటనవేలితో మూస్తే ఊపిరి ఆ దారిన పైకి పోయి బొంగురు మాట అవుతుంది. పుండు మానాక అతను వేలు పెట్టి, "లచ్చవ్వా, తిన్నవానే?" అన్నాడు. ఆమె అతని మొహమంతా తడిమింది. "గొంతు గీయనది గాదు, గని అడుగుడు గీయనదే" అంది. వార్డంతా నవ్వింది. నేను గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

అయితే మాట పైకి పోయే దారినే నీళ్లు కిందికి జారతాయి. చిక్కటి జొన్న గట్క తినమని, పల్చటివి తాగొద్దని చెప్పి పంపాను. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైంది. బండ్ల వరసలో తోటివాడు చెంబుతో చెరుకు రసం ఇస్తే వద్దనడం అక్కడ మర్యాద కాదు. సాయన్న తాగాడు. రసం ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా వచ్చింది. అది తగ్గేసరికి దారి వదులైంది, ఉమ్మి కూడా జారసాగింది.

దారి మూసేయకపోతే బతకవని చెప్పాను. అతను వేలు పెట్టుకుని, "వద్దు సారూ. సస్తే మాట్లాడుకుంటనే సస్త" అన్నాడు.

లచ్చవ్వ చెయ్యి చాచి అతని మెడ వెతుక్కుంది. "మూసెయ్యుండ్రి సారూ. ఊపిరి సప్పుడు ఇనవడ్తది గద, నాకు గంతే సాలు."

సాయన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి ఒప్పుకోలు కాగితం తెమ్మని సైగ చేశాడు. మాట కోసం మెడ మీద పెట్టుకునే ఆ వేలికే సిరా పూసి ముద్ర తీసుకున్నాం.

మరుసటి వానాకాలం దాకా బతికాడు. ఆ తర్వాత ఈ ఆపరేషన్ కోరి వచ్చినవాళ్లకు, మాట వస్తుందని చెప్పేముందు, వచ్చిన మాటను మళ్లీ మూయాల్సి రావచ్చని చెప్పాను. కొందరు లేచి వెళ్లిపోయేవారు. వాళ్లను ఆపలేదు.