దేవుడి పాటలతో నిండిన కంప్యూటరు

మొన్న మా అన్న కూతురి ల్యాప్‌టాప్ తెరిస్తే, విచారంగా ముఖం పెట్టిన బొమ్మ ఒకటి చూపించి ‘ఏదో పొరపాటు జరిగింది’ అని ఊరుకుంది. ఏం పొరపాటో, ఎవరు చేశారో చెప్పదు. ఆ ముఖం చూడగానే ఇరవయ్యేళ్ళ కిందటి మా శాఖాధిపతి గుర్తొచ్చాడు.

చిత్తూరు కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబు చూసుకునే రోజులవి. టైపు చేసిన ఆజ్ఞలతోనూ నడిచే లినక్సు వ్యవస్థను కాలేజీకి తెచ్చిన ఘనత తనదేనని చెప్పుకు తిరిగే ఆ మహానుభావుడికి మౌసు లేకపోతే చేతులాడేవి కావు. ఫైనలియరు పిల్లల ప్రాజెక్టులన్నీ ఒకే పెద్ద కంప్యూటర్లో ఉండేవి. మర్నాడు బయటి నుంచి ఎగ్జామినరు వస్తాడనగా, పిల్లలు ఎవరు పాస్‌వర్డు కొట్టినా తెర మిణుక్కుమని, డెస్క్‌టాప్ రాకుండా మళ్ళీ పాస్‌వర్డే అడగసాగింది. ఈయన వచ్చి, సర్వాధికారాలూ ఉన్న తన పాస్‌వర్డు కొడితే మాత్రం డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది.

“నాకొచ్చింది గదా! మీరే ఏందో చేసినారు. ఫార్మాట్ కొట్టేయమ్మా, మళ్ళీ ఎక్కిద్దాం.”

ఫార్మాట్ కొడితే పిల్లల ఏడాది చాకిరీ గాలికి పోతుంది. వేరే కాపీ లేదు. ఐరాల నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన్ని లేపి నేను కూర్చున్నాను. మూడు మీటలు నొక్కి, బొమ్మలూ మౌసూ లేకుండా ఆజ్ఞలు టైపు చేసే నల్లతెరకు పోయి అడిగితే, పిల్లల ఫైళ్ళుండే భాగంలో చోటు పూర్తిగా నిండిందని అది ముక్కుసూటిగా చెప్పింది. డెస్క్‌టాప్ తెరవడానికి అది రాసుకోవాల్సిన చిన్న ఫైలుకూ చోటు లేదు. నింపింది ఎవరంటే సాక్షాత్తూ ఈయనే! దసరాకు ఆయుధపూజనాడు, కంప్యూటరుకు గంధం పూసి, అది పాడాలని ఇంట్లోని భక్తి సీడీలన్నీ అందులో కుమ్మరించాడు; మిగిలిన కాస్త చోటూ పిల్లల ప్రాజెక్టులు పెరిగి ఆ రోజుకు అయిపోయింది. ఆయన ఫైళ్ళు వేరే భాగంలో ఉండబట్టి ఆయనకేమీ కాలేదు. ఒకరి ఇంటి నిండా తన సామాను దించి, ఇంటివాళ్ళు వీధిలో ఎందుకున్నారని అడిగే రకం.

నేను చెరిపేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“దేవుడి పాటలమ్మా! పాపం తగల్తాది!”

“సీడీలు మీ ఇంట్లోనే ఉండాయి గదా సార్. దేవుడు పక్కకు జరుగుతాడు, మీరూ రవ్వంత జరగండి.”

పాటలు పోయాయి. ఐరాల అమ్మాయి పాస్‌వర్డు కొట్టగానే డెస్క్‌టాప్ వచ్చింది. మర్నాడు ఎగ్జామినరు ముందు ఆయన చేతులు కట్టుకుని, “నిన్న ఏదో పొరపాటు జరిగింది సార్, సరిచేసినాం” అన్నాడు. ఎవరి పొరపాటో నాకు తెలుసు, పిల్లలకు తెలుసు, ఆ నల్లతెరకూ తెలుసు.

ఆ తెరకు మర్యాద తెలియదుగానీ, అడిగితే నిజం చెప్పేది. దానితో పోట్లాడుతూనే నేను పని నేర్చుకున్నాను. మా అన్న కూతురికి ఆ తెర ఉందనే తెలియదు. ఫార్మాట్ ఎలా కొట్టాలో ఫోన్లో వెతుకుతోంది. తప్పు పట్టను. ఇప్పటి కంప్యూటర్లు కూడా మా శాఖాధిపతి లాగే మాట్లాడడం నేర్చుకున్నాయి.