రాజకుమారి మూడు భాషల నోటీసు

సాలూరు దారిలో ఉన్న ఓ గోనెసంచుల మిల్లులో రాజకుమారి టైమాఫీసు క్లర్కు. పదమూడేళ్లుగా కార్మికుల హాజరు, సెలవులు, షిఫ్టు మార్పులు అన్నీ ఆమె కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. కార్మికుల్లో సగం మంది చుట్టుపక్కల ఊళ్ల రైతు కుటుంబాలవాళ్లు. మిగతావాళ్లలో ఎక్కువమంది ఒడిశా నుంచి, కొందరు బీహార్ నుంచి వచ్చినవాళ్లు. నోటీసు బోర్డు మీద మాత్రం అంతా ఇంగ్లీషే. కొత్త కాగితం అంటించిన ప్రతిసారీ టైమాఫీసు కిటికీ దగ్గర గుంపు చేరేది. "అమ్మా, ఇదేటి రాసినారు?" అని అడిగేవాళ్లు. రాజకుమారి పని ఆపి చదివి చెప్పేది. చెబుతున్నంతసేపూ ఆమెకు ఒళ్లు మండేది. అడిగినవాళ్ల మీద కాదు, రాసినవాళ్ల మీద.

పోయినేడు జనపనార మెత్తబరిచే కొత్త మిషను వచ్చింది. పాత మిషన్లు కరెంటు పోయి వచ్చినా ఎవరో ఒకరు బటన్ నొక్కితే గాని కదలవు. ఇది కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. మెయిన్ స్విచ్ కట్టేయకుండా రోలర్ల మధ్య చెయ్యి పెట్టొద్దని హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీషులో ఓ కాగితం వచ్చింది.

అది చదివిన రాజకుమారి ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యలేదు. కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు, ఒడియా, హిందీ చేర్చింది. విండోస్ బటన్, స్పేస్ బారు కలిపి నొక్కితే ఒక భాష పోయి ఇంకోటి వస్తోంది. తెలుగులో "క" ఏ బటన్ మీద ఉందో ఒడియాలోనూ హిందీలోనూ అక్కడే ఉంది. ఆమె తల్లి పుట్టిల్లు పర్లాకిమిడి కాబట్టి ఒడియా వచ్చు. హిందీ పరీక్షలు పెళ్లికి ముందే రాసింది. తడుముకుంటూ, చెరుపుకుంటూ, రెండో రోజుకి మూడు భాషల్లోనూ నోటీసు తయారుచేసింది. సంతకం కోసం మేనేజరు బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు పృథ్వీరాజ్ హడావిడిగా టైమాఫీసులోకి వచ్చాడు. ఆయన కంప్యూటర్ పాడైంది. హెడ్డాఫీసువాళ్లతో ఆన్‌లైన్ మీటింగు ఉందంటూ రాజకుమారి కుర్చీలో కూర్చుని తన పాస్‌వర్డు కొట్టాడు. తప్పని వచ్చింది. చుక్కలు తప్ప అక్షరాలు కనిపించవు కదా, మళ్లీ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. మూడోసారికి ఖాతాయే మూసుకుపోయింది.

"ఏం చేశావు దీన్ని?" అని అరిచాడు.

"బాస ఒడియాలో ఉండిపోనాది సార్. మార్సితే సరిపోయేది. నాను సెప్పేలోపే మీరు కొట్టేసినారు."

"ఇది ఆఫీసా, భాషల బడా? అన్నీ తీసెయ్! ఇంగ్లీషు తప్ప ఇంకోటి కనిపించకూడదు."

"మరి ఆ నోటీసు, సార్..."

"వాళ్లేమన్నా చదివేవాళ్లా? సూపర్‌వైజరు నోటితో చెబుతాడులే."

తన గదిలోంచి నోటీసు తెచ్చి ఆమె ఎదుటే చింపి బుట్టలో వేశాడు. వెనకే నిలబడి చూస్తుంటే రాజకుమారి హిందీ తీసేసింది, ఒడియా తీసేసింది, ఆఖరికి తెలుగూ తీసేసింది. మిషను పక్కన ఇంగ్లీషు కాగితమే అంటించారు.

సూపర్‌వైజరు ఎవరికి చెప్పాడో, ఎవరికి మరిచాడో తెలీదు. పదకొండో రోజున కరెంటు పోయింది. రోలర్లలో చిక్కుకున్న నార లాగుదామని ఆ మిషను మీద పనిచేసే కొండబాబు చెయ్యి పెట్టాడు. కరెంటొచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. కొండబాబు పదో తరగతి దాకా తెలుగులో చదివినవాడు. రోజూ టీ బడ్డీ దగ్గర పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా చదివి గాని షిఫ్టులోకి రాడు.

నాలుగు రోజులకి పృథ్వీరాజ్ ఒక కాగితం ఇచ్చి, కొండబాబు భార్య వస్తుంది, సంతకం తీసుకొమ్మన్నాడు. రాజకుమారి చదివింది. హెచ్చరిక ఉన్నా లెక్కచెయ్యకుండా కొండబాబే చెయ్యి పెట్టాడని, తప్పు అతనిదేనని ఇంగ్లీషులో ఉంది. పృథ్వీరాజ్‌ని ఎంత తిట్టుకుందో తనని అంతకంటే ఎక్కువ తిట్టుకుంది. తెలుగు తీసెయ్యమంటే తీసేసింది తను కాదూ?

సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు మళ్లీ పెట్టింది. ఆ కాగితంలోని ప్రతి మాటా తెలుగులో కొట్టి, కొండబాబు భార్య అమ్మడు రాగానే చేతికిచ్చింది.

"సంతకం పెట్టకముందు ఇది సదువుకోవే."

అమ్మడు కిటికీ దగ్గర నిలబడి చదివింది. "తప్పు మాదని మా సేతే రాయించుకుంటన్నారా అక్కా? ఆడు ఆస్పత్రిలో మూలుగుతన్నాడు, ఈల్లకి సంతకం కావాలా?"

ఆ కేక విని పృథ్వీరాజ్ వచ్చాడు. "నిన్ను సంతకం తీసుకోమన్నానా, చదివించమన్నానా?" అని రాజకుమారి మీద లేచాడు.

పదమూడేళ్లలో మొదటిసారి ఆమె అతని ముందు గొంతు పెంచింది. "మీరు సింపేసిన నోటీసు కంప్యూటర్లో అలాగే ఉన్నాది సార్. ఏ తారీకున కొట్టినానో కూడా ఉన్నాది. ఇదిగో, ఇప్పుడే తీసిస్తన్నాను. ఎవరికి సూపిస్తాదో సూపించనీండి." అతను చూస్తుండగానే ప్రింటు తీసి అమ్మడు చేతిలో పెట్టింది.

అమ్మడు సంతకం పెట్టకుండా దాన్ని పట్టుకుని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన వచ్చేనాటికి మిషను పక్కన మూడు భాషల్లో నోటీసు మెరుస్తోంది. కార్మికుల క్షేమం కోసం తానే రాయించానని పృథ్వీరాజ్ చెబుతున్నాడు. రాజకుమారి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఎప్పుడు రాయించినారు? కొండబాబు ఏళ్లు తెగినాక కాదా? అంతకుముందు రాసింది నాను. సింపేసింది మీరు!"

ఇన్‌స్పెక్టరు ఆ మాట రాసుకున్నాడు. మిల్లు కొండబాబు వైద్యం ఖర్చు భరించి, గేటు దగ్గర తేలిక పని ఇచ్చింది. పృథ్వీరాజ్ అదే కుర్చీలో ఉన్నాడు. రాజకుమారిని లారీలు తూచే కాటా గదికి మార్చారు.

తప్పయిందని సారుతో ఓ మాట చెప్పుకుంటే పాత సీటు ఇస్తారని తోటివాళ్లు సలహా చెప్పారు.

"ఆయనకి నానేటి సెప్పుకుంటాను?" అంది రాజకుమారి, కాటా మీదికొస్తున్న లారీని చేత్తో ఆపుతూ. "ఆయనే వచ్చి కొండబాబుకి సెప్పుకోవాలి. ఇప్పటిదాకా ఓ మాటైనా అన్నాడేటి?"