గొంగడి కింద పరీక్ష

పురుషోత్తం సారు పరీక్ష పెట్టకుండా ఏ వస్తువూ కొనడు. వస్తువు ఎలాగోలా గట్టెక్కుతుంది, దుకాణదారుడే ఫెయిలవుతాడు. మండు వేసవిలో గొడుగు కొనడానికి వెళ్లి, దుకాణం ముందే దాన్ని విప్పుకుని నిలబడి, "స్టూలెక్కి నెత్తి మీద రెండు బకెట్ల నీళ్లు పొయ్యి" అన్న మనిషి ఆయన. చెప్పులు కొన్న రోజు దుకాణంలో నడిచిన నడకకు ఎల్లారెడ్డి నుంచి లింగంపేట చేరిపోవచ్చు.

ఎల్లారెడ్డిలో మా విత్తనాల గోదాముకు ఆయన మేనేజరు, నేను గుమాస్తాను. సంచులు చూసి చెడ్డవి తీసేసే పని భూదవ్వది. నలభై ఏళ్లు బీడీలు చుట్టి, ఇక చుట్టలేక మా దగ్గర చేరింది. ఆమె జీతం మీదే ఇల్లు నడిచేది. 2013 ఎండాకాలంలో ఎలుక తడిపిన సంచి ఒకటి ఆమె చూపు తప్పించుకుని దాటిపోయింది. ఎండిన మరక మామూలుగా ఎవరికి మాత్రం కనిపిస్తుంది! కానీ యజమాని సీతారాం సేటు ఊరుకోలేదు.

"యూవీ టార్చి అని ఒకటుంటదట. దాంతోని కొడితె ఎలుక పోసిన జాగ మెరుస్తదట. ఛార్జింగుది చూసి తెండ్రి. వానలు పడకముందే విత్తనాల కంపెనీవాళ్లు తనిఖీకి వస్తరు. ఆలోపు ఆ టార్చితోని చూసుడు వస్తె అవ్వ ఉంటది, లేకుంటె ఇంటికి పోతది" అన్నాడు.

ఆ టార్చి కొనే పని పురుషోత్తం సారు చేతిలో పడింది. అవ్వ పని అయిపోయిందనుకున్నాను.

ఆదివారం వస్తే చాలు, నన్ను వెంటబెట్టుకుని కామారెడ్డి బస్సెక్కేవాడు. సంకలో నల్ల గొంగడి, చేతిలో టిఫిన్ డబ్బా. పై గిన్నెలో కాగితంలో చుట్టిన గోనె ముక్క. ఎలుక తడిపిందే, పరీక్షకు. కింది గిన్నెలో మా ఇద్దరికీ పులిహోర. పైగా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ ఇంత లావున గుడ్డ చుట్టుకునేవాడు. "ఏమైంది సార్?" అంటే "ఏం కాలే, గట్లనే" అనేవాడు.

యాకూబు కరెంటు సామాన్ల దుకాణంలో గోనె ముక్కను కౌంటరు మీద పరిచి, గొంగడి కప్పుకుని, యాకూబును కూడా లోపలికి లాక్కునేవాడు. పట్టపగలు చీకటి కావాలంటే ఇంకేం దారి? వచ్చే పోయే జనానికి గొంగడే మాట్లాడుతున్నట్టు ఉండేది.

"ఇది అంత ఊదా రంగే కొడుతున్నది. మరక ఏది?"

"ఇగో సార్, ఇది చూడుండ్రి."

"మరక మంచిగ కనబడ్డది. గని మీట గట్టిగున్నది."

"చేతి ఏళ్లకు గుడ్డ విప్పి నొక్కుండ్రి సార్!"

"విప్ప."

ఆ తర్వాత ఒక కన్ను మూసుకుని ఛార్జింగు పిన్ను గుచ్చేవాడు. గురి తప్పితే టార్చి ఫెయిలు. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులని చెప్పి, ఒక్క ఛార్జింగుకు ఎంతసేపు వెలుగుతుందో చూస్తానంటూ గొంగడి కిందే కూర్చునేవాడు.

మూడో ఆదివారం యాకూబు చెమటలు కారుతూ తల బయటపెట్టాడు. "ఎలుక ఉచ్చ చూసే లైటుకు గిన్ని వంకలేంది సార్? గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరుతున్నరు మీరు!"

"మీట ఎడల్పుది కావాలె యాకూబ్ భాయ్. ఇంకోటి తెప్పియ్యి" అంది గొంగడి.

నాకు ఒళ్లు మండిపోయింది. తిరుగు బస్సులో అననే అన్నాను. "గురువారం తనిఖీ సార్. మీ పరీక్షలల్ల అవ్వ నౌకరి పోతది."

ఆయన డబ్బా విప్పి, "పులిహోర తిను" అన్నాడు. కోపంతోనే తిన్నాను.

బుధవారం యాకూబు ఓ టార్చిని బస్సు కండక్టరుకిచ్చి పంపాడు. దండం పెట్టి మరీ ఇచ్చాడట. లావు పిడి, బిళ్లంత మీట. సారు దాన్ని పరీక్షించి, భూదవ్వను గోదాము చీకటి మూలకు తీసుకెళ్లి చేతిలో పెట్టాడు. ఆమె భయంగా చూసింది.

"నా చేతి ఏళ్లు వంగయి సారూ."

"ఏళ్లతోని ఏం పని అవ్వా? అరచేత నొక్కు. మనిషి కండ్లల్ల మాత్రం కొట్టకు."

నొక్కింది. వెలిగింది. ఛార్జింగు పిన్ను కూడా పొర కమ్మిన కన్ను వదిలేసి, రెండో కంటితోనే చూసి ఒక్క గురికే గుచ్చింది. బీడీలు చుట్టీ చుట్టీ బిగుసుకుపోయిన ఆమె బొటనవేలినీ చూపుడువేలినీ నేను అప్పుడు చూశాను. తర్వాత సారు చేతి వంక చూశాను. ఆ రోజు గుడ్డ లేదు. మూడు వారాలు ఆయన్ని మనసులో తిట్టినందుకు సిగ్గేసింది.

"ముందుగాల్ల చెప్తె ఏమైతుండె సార్?"

"ఆమె ఏళ్ల ముచ్చట బజార్ల ఎందుకు?"

గురువారం కంపెనీవాళ్ల ముందే భూదవ్వ మూడు సంచులు పక్కకు తీయించింది. వాళ్లు తమ టార్చితో చూస్తే ఆ మూడే మెరిశాయి, నాలుగోది లేదు. సేటు గొంతు సవరించుకుని, "అవ్వా, రేపు జల్ది రా. కొత్త సరుకొస్తది" అన్నాడు. హమ్మయ్య, అనుకుని గోడకు చేరగిలబడ్డాను. సారైతే చొక్కా చేతులతో మొహమంతా తుడుచుకున్నాడు.

గోదాము లోపలే, ఆ చీకటి మూలన అన్నాలకు కూర్చున్నాం. సంబరం ఆగని భూదవ్వ గోడలూ స్టూళ్లూ అన్నీ పరీక్షించుకుంటూ వచ్చి మా టిఫిన్ డబ్బా మీద కొట్టింది. పై గిన్నె తళతళా మెరిసింది. కింది గిన్నె అంచు కూడా.

నా ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. సారు గోదాము పైకప్పు వంక చూస్తున్నాడు.

"ఇది ఫేలు సారూ" అని భూదవ్వ డబ్బా ఎత్తి తీసుకెళ్లి, తీసేసిన సంచుల మీద పెట్టింది.