సిరా ద్రాక్ష

మా మేనత్త ప్రభువులో నిద్రించిందని జమ్మలమడుగు బస్సు కండక్టరు, ప్రొద్దుటూరులో నేను పాఠం చెప్పే బడికే వచ్చి చెప్పాడు. పిల్లల ముందే ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల నుంచీ జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు చర్చీల్లో ప్రభు భోజనానికి కావలసిన ద్రాక్షరసమంతా అత్త ఇంటి నాలుగు జాడీల్లోంచే వెళ్లేది. పెరట్లో ద్రాక్షతీగ నాటించిన మిషను దొరసాని ఆ రకం పేరు 'సిరా' అని చెప్పిందట. మావాళ్లు పెన్నులో పోసే సిరా అనుకున్నారు. పళ్లు పిసికిన చేతులు వారం దాకా తెల్లబడకపోయేసరికి, పేరు సరిగ్గానే కుదిరిందన్నారు.

రుచి చూడటంలో అత్త మహా కఠినురాలు. గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, పుక్కిలించి బూడిదలో ఉమ్మేసేది. "మింగితే నాలుక మొగమాటపడ్తాదిరా. ముందు వగరు రావల్ల, ఎనక మిరియాల ఘాటు. తీపి ముందొస్తే అది పానకం," అనేది. పాస్టరుగారు బాగుందన్నా తనకు నచ్చనిదాన్ని గడప దాటనిచ్చేది కాదు.

పోయిన ఏడాది జ్వరమొచ్చి ఆమె నాలుక చచ్చిపోయింది. ఉప్పూ చక్కెరా ఒకటే అయ్యాయి. ఈస్టరుకు ముందు నన్ను పిలిపించి, రుచి చూసి చెప్పమని గ్లాసు చేతికిచ్చింది. నోట్లో పోసుకోగానే పళ్లు జివ్వుమన్నాయి. రసం పులిసి వినిగరై, సువార్తలో సిలువ మీది ప్రభువుకు అందించిన చిరకలా తయారైంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"శానా బాగుందత్తా," అని మింగేశాను.

ఈస్టరునాడు చర్చి నిండా జనం ఆ పులుపు తాగారు. ఆమె మీద ప్రేమకొద్దీ ఒక్కరూ మొహం ముడుచుకోలేదు. అత్తకు అక్కడే తెలిసిపోయింది. ఏటా ఆ వగరుకు చిట్లించుకునే మొహాలు ఆ రోజు బిగుసుకుని ఉన్నాయి మరి.

ఇంటికొచ్చి జాడీలు ఒక్కొక్కటే పెరటి కాలువలో ఒంపేసింది. "నా నాలుక పోయిందని నీ నాలుక అడిగితి. అదీ లేకుండ జేస్తివి గదరా," అంది. తిట్టినా బాగుండేది. నేను నిజం చెప్పి ఉంటే తలెత్తుకుని తనే ఆ పని మానుకునేది. జాలిపడి ఆ గౌరవాన్ని కాస్తా నేనే పోగొట్టాను.

ఆఖరి జాడీలో మిగిలింది గ్లాసులోకి వంచి నాకిచ్చింది.

"ఇప్పుడు చెప్పు."

ఒక గుక్క తాగాను. "చిరకత్తా."

"ఆఁ, అట్ల చెప్పల్ల," అని నవ్వి, గ్లాసు లాక్కుని ఎండకేసి పట్టింది. "రంగు మాత్రం ఎట్లుండాదో సూడరా!"

ఆమె తెల్లచీర మీద ఎర్రటి వెలుగు వణుకుతోంది.