పొడి చక్కెర లేని నాలుగు డిసెంబర్లు

మీ మాట తగిలి మనసు విరిగిన మనిషి మీకు ఎన్ని ఇండ్ల అవతల ఉన్నది? మిమ్ముల గద్దించడానికి అడుగుతలేను. ఇన్నేండ్లు గద్దించి గద్దించి గొంతు బొంగురుపోయినోన్ని. నాకు ఆ మనిషి నాలుగిండ్ల అవతల ఉండె. ఆ నాలుగిండ్లు దాటడానికి నాకు అయిదేండ్లు చాలలేదు.

ఈ నెల మొదట్ల మా బిస్కెట్ల పెద్దమ్మ పోయింది. పొద్దున రొట్టెల భట్టీ నడిపే చాచా నా దుకాణం ముందట స్కూటర్ ఆపిండు. స్టాండ్ వెయ్యకుండనే, ఒక కాలు నేలమీద పెట్టి, "పాస్టర్ సాబ్, ఆపా పోయింది" అన్నడు. నేను పాస్టర్‌ను కాను. బోరు మోటర్లు చుట్టేటోన్ని, ఆదివారం వాక్యం చెప్పేటోన్ని. ఎన్నిసార్లు చెప్పినా ఆయన అట్లనే పిలుస్తడు, పెద్దమ్మను ఆపా, అంటే అక్క, అన్నట్టే. "తిని పండుకున్నదట. పొద్దుగాల కోడలు చాయ్ తీస్కపోతే లేవలేదట." నా చేతిల సగం చుట్టిన మోటరు ఉండె. లేచి ఉరకాలె గదా? నేను లేవలే. ఆ చుట్టు మొత్తం పూర్తిచేసిన. నడుమ ఆపితే తీగ వదులైతదని నా చేతులకు ఒక సాకు దొరికింది. ఆమె ఇంటికి పోకుండ ఉండడానికి నాకు సాకులు దొరకడం కొత్త కాదు.

ఆమెను ఎరుగనోళ్ల కోసం చెప్త. మేడ్చల్ స్టేషన్ వెనుక మా బస్తీల, మా రేకుల మందిరంల అందరికంటె పెద్ద మనిషి ఆమె. వయసుల ఉన్నప్పుడు అల్వాల్ దిక్కు ఒక దొరసాని ఇంట్ల వంట చేసింది. ఆ దొరసాని పోయింది, ఆ ఇల్లు కూలిపోయింది, అక్కడ నేర్చుకున్న బిస్కెట్ మాత్రం ఈమె చేతిల మిగిలింది. వెన్నకు వెన్న, పిండికి పిండి. నోట్లె పెట్టుకుంటె నమిలే పని లేదు. పైనంత మెత్తగ దంచి పల్చటి బట్టల జల్లించిన చక్కెర పొడి, తెల్లగ, మందంగ. అవి తిన్ననాడు బస్తీ పిల్లలందరికి తెల్ల మీసాలు.

డిసెంబర్ వచ్చిందంటె పదిహేను దినాల ముందు నుంచి మీగడ తీసి, తోడుపెట్టి, చిలికి వెన్న కూడబెట్టేది. కొన్న వెన్న ముట్టేది కాదు. "దుకాణం వెన్నల ఉప్పుంటది కొడుకా. ఉప్పు కూరల ఉండాలె, పండుగల ఎందుకు?" అనేది. నన్ను అప్పుడు కొడుకా అని పిలిచేది. ఈ మాట యాది పెట్టుకోన్రి.

మా ఇండ్లల్ల ఓవెన్లు యాడున్నయి? పండుగ ముందర ఇంటింటోళ్లు పిండి కలిపి, ముద్దలు చేసి, రేకులల్ల పేర్చుకోని చాచా భట్టీకి పోతరు. డబల్ రొట్టెలు దిగినంక, వేడి ఆరకముందే ఆయన మా రేకులు లోపలికి తోస్తడు. ఎవరి రేకు ఎవరిదో తెలువాలని మూలకు పేరు చీటి పెడ్తం. పెద్దమ్మ పెట్టేది కాదు. "నా బిడ్డలను నేను గుర్తుపట్టనా?" అనేది. చాచా ఊకునేటోడు కాదు.

"ఆపా, నీ బిస్కెట్లు జూసి నా రొట్టెలు సిగ్గుపడ్తున్నయి."

"సిగ్గు గాదు చాచా, నీ రొట్టెలు మాడి ఎర్రగైనయి."

రేకు బయటికొచ్చినంక ఆమె చేసే పని చూడటానికే నేను నిలబడేటోన్ని. ఒక బిస్కెట్ తీసి చెంపకు ఆనించుకునేది. కండ్లు మూసుకునేది. ఇంకా కాదు అన్నట్టు తల ఊపి కింద పెట్టేది. కొంచెం ఆగి మళ్ల చెంపకు. "ఉడుకు మీద సల్లితె పొడి ఏడుస్తది కొడుకా, తడి తడి అయితది. పూర్తి సల్లగైనంక సల్లితె పట్టుకోదు, రాలిపోతది. నడుమ ఒక గడియ ఉంటది, గది దొరకవట్టాలె." గోరువెచ్చగ ఉన్నప్పుడు ఒకసారి, ఆరినంక ఇంకోసారి చల్లేది. ఆనక పళ్లెంల పెట్టి బట్ట కప్పి, మొదటి పళ్లెం చాచా ఇంటికి, రెండోది పక్కన మంగలి వాళ్లింటికి, మూడోది మందిరానికి.

ఇగ నా పాపం చెప్త.

రెండువేల ఏడుల నేను జవహర్‌నగర్ నుంచి మకాం మార్చి ఈ బస్తీకి వచ్చిన. వాక్యం నాకు కంఠస్తం, ఊరు మాత్రం కొత్త. ఏడో తరగతి దాటనోన్ని, ఎవరు నేర్పకుండ నాకు నేనే చదువుకున్నోన్ని, ఆ గర్వం ఒకటి. రెండేండ్లకు, పండుగకు ముందు చేసుకునే సెమీ క్రిస్మస్ నాడు నన్ను నిలబెట్టిన్రు. వేషధారుల మీద చెప్తున్న. బయటికి భక్తి, లోపల కుళ్లు. గొంతు లేచింది, జనం ఆమెన్ అంటున్నరు. నా ముందట బల్ల మీద పెద్దమ్మ పళ్లెం ఉన్నది. నాకేం పుట్టిందో, ఒక బిస్కెట్ ఎత్తి అందరికి చూపిచ్చిన.

"ఇగో! ప్రభువు వేషధారులను దేనితోని పోల్చిండో గా సున్నం కొట్టిన సమాధి ఇదే! పైన జూడున్రి ఎంత తెలుపో. లోపల?" అని నోటితోని ఉఫ్ మని ఊదిన. పొడి ఎగిరి ముందు చాప మీద పడ్డది. పిల్లలు నవ్విన్రు, మొగోళ్లు నవ్విన్రు. ఆ నవ్వు నాకు మస్తు తియ్యగున్నది. ఇంకోటి ఎత్తి ఇంకోసారి ఊదిన.

ఆడోళ్ల దిక్కు ఎవరు నవ్వలేదని నేను చూడలే. పెద్దమ్మ ముందు వరుసల కూసున్నది. చాప మీద పడ్డ పొడిని అరచేత్తోని దగ్గరికి తీసి కొంగుల వేసుకున్నది. అది మాత్రం చూసిన. చూసి కూడ చెప్పుడు ఆపలే.

ఇంటికి పోంగ నా భార్య నాతోని నడవలే, నాలుగడుగులు ముందు నడిచింది. ఏమైందంటే గుమ్మం కాడ నిలబడి అడిగింది, "ఆమె గోర్లు జూసినవా?"

"ఎందుకు?"

"సున్నం ఉన్నది గోర్లల్ల. షామీర్‌పేట రోడ్డు పక్కన మన సమాధుల జాగల ఆమె పెనిమిటి ఉన్నడు. ఏటా మొదటి పిండి కలిపే ముందర పోయి ఆ సమాధికి ఆమెనే సున్నం వేసొస్తది. కూలోళ్లను పెట్టదు. ఇయ్యాల పొద్దుగాల గూడ పోయొచ్చింది. బస్తీ మొత్తానికి ఎరుకే, నీకొక్కనికె తెల్వది."

నేనేమన్ననో తెలుసా? "వాక్యంల అట్లనే ఉన్నది, నేను మార్చి చెప్తనా?" అన్న. వాక్యం వెనుక దాక్కున్న. మిట్టమధ్యాహ్నం గొడుగు కింద దాక్కున్నట్టు దాని కింద దాక్కున్న.

పై ఏడు పళ్లెం వచ్చింది. బట్ట తీసి చూస్తె బిస్కెట్లు బోడిగ ఉన్నయి. మట్టి రంగుల, పైన పొడి లేకుండ.

"తీసుకోన్రి అయ్యగారూ" అన్నది.

కొడుకా పోయింది. నువ్వు పోయి మీరు వచ్చింది. నేను "పెద్దమ్మా, పొడి?" అన్న.

"మీరే చెప్తిరి గదా అయ్యగారూ. పైన తెలుపెందుకు."

అండ్ల ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండు, నేను కోపం తెచ్చుకునేటోన్ని. నా మాట నమ్మింది ఆమె. దేవుని మాట అనుకోని నమ్మింది. నేను "మంచిగున్నయి పెద్దమ్మా" అన్న.

అట్ల నాలుగు డిసెంబర్లు. ఒక్క మందిరానికే కాదు, ఎవరికీ పొడి చల్లలేదు. ఒకనాడు చాచా నన్ను భట్టీ ముందర నిలబెట్టి అడిగిండు, "ఆపా పొడి ఎందుకు బంద్ జేసింది పాస్టర్ సాబ్? నా మనుమరాండ్లు పరేషాన్ జేస్తున్నరు. అడుగుతె ఆమె నవ్వుతది."

"నాకేం తెల్వది చాచా" అన్న.

మంట కాడ చలి కాగుకుంట, ప్రభువు ఎవరో నాకు తెల్వదన్న శిష్యుని మీద నేను ఎన్నిసార్లు చెప్పిననో నాకే లెక్క లేదు. ఆ శిష్యుడు కోడి కూత విని బయటికి పోయి ఏడ్చిండు. నేను భట్టీ వేడికి చేతులు కాపుకోని ఇంటికి పోయి అన్నం తిన్న.

క్షమాపణ మీద నాకంటె వేడిగ చెప్పేటోడు మేడ్చల్ల లేడని పేరు. బలిపీఠం కాడ కానుక ఇడిచిపెట్టి ముందు పోయి సహోదరునితోని సమాధానపడమన్న మాట, అది నేను అరిచి చెప్పిన. బల్ల గుద్ది చెప్పిన. నేను చెప్పంగ విని అన్నదమ్ములు పొలం గెట్టు కాడ కలుసుకున్నరు. పెద్దమ్మ ముందు వరుసల కూసోని విన్నది. నా కండ్లు ఆ వరుస మీదికి రాంగనే పక్కకు జారేటివి.

పోయిన డిసెంబర్ల గట్టిగ అనుకోని భట్టీకి పోయిన. బయట మంచు, లోపల పెద్దమ్మ ఒక్కతే పీట మీద కూసోని ఉన్నది. చాచా టోపీ పెట్టుకుంట, "నమాజ్ జేసుకోని జల్దీ వస్త. రేకు జూస్తుండున్రి, ఆపాకు ఎరుకే" అని పోయిండు. ఇద్దరమే మిగిలినం. దేవుడు ఇంతకంటె ఏం తెరిచి పెడ్తడు?

"పెద్దమ్మా, ఆ యేడు..." అన్న.

ఆమె ఇటు తిరిగింది. నా ముఖంలకు చూసింది. అంత నిదానంగ ఆమె నన్ను నాలుగేండ్లల్ల చూడలే. మాట నాలిక చివరికి వచ్చింది. సభల వందమంది ముందు ఎగిరే నాలిక అది.

"ఆ యేడు చలి గింత లేకుండె" అన్న.

ఆమె భట్టీ దిక్కు తిరిగింది. ఆనక, "లేకుండె అయ్యగారూ" అన్నది.

చాచా వచ్చి రేకు తీసిండు. ఆమె అలవాటు కొద్ది ఒక బిస్కెట్ తీసి చెంపకు ఆనించుకున్నది, కండ్లు మూసుకున్నది. ఆ గడియ దొరికినట్టున్నది, చెయ్యి పక్కకు పోయింది, పొడి జల్లించే బట్ట కోసం. బట్ట లేదు. చెయ్యి గాలిల ఒక్క క్షణం ఆగి, ఒళ్లెకు వచ్చింది.

పెద్దమ్మను మట్టి చేసిన నాడు, అయ్యగారే నాలుగు మాటలు చెప్పాలె అని నన్ను నిలబెట్టిన్రు. పెట్టె పక్కన నిలబడి నేను వాక్యం తెరవలే. అయిదేండ్ల నుంచి మింగిందంత అందరి ముందు కక్కిన. నేను ఊదిన పొడి గురించి, నేను చాచాకు చెప్పిన అబద్ధం గురించి. చాచా తల దించుకున్నడు. ఎవరు ఆమెన్ అనలే. నాకు బరువు దిగుతదనుకున్న. దిగలే. అయిపోయినంక ఆమె కోడలు నా దగ్గరికొచ్చి కోపం లేకుండనే అడిగింది, "ఇప్పుడు చెప్తె ఎవలకు చెప్పినట్టు అయ్యగారూ?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం ఈ పది దినాలు గ్రంథమంత తిరగేసిన. ప్రభువు నన్ను క్షమిస్తడు, ఆ సంగతి నాకు తెలుసు, దాని మీద నాకు అనుమానం లేదు. కాని పెద్దమ్మ నోట కొడుకా అనిపించుకునే దారి మూసుకపోయింది. ఈ రెండు ఒక్కటే అని నాకెవరన్న చెప్తె నేను నమ్మను. మీరు కూడ నమ్మకున్రి.

నిన్న దుకాణంల కూసోని ఫోన్ల ఆమె నంబరు తీసిన. చెరపబోయి, ఏలు జారి కాదు, కావాలనే, పచ్చ గుర్తు నొక్కిన. మోగింది. నాలుగిండ్ల అవతల తాళం వేసిన అర్రల ఆ చిన్న ఫోను మోగుతున్నది నాకు రోడ్డు మీది మోటర్ల చప్పుడుల కూడ వినిపించినట్టే ఉన్నది. ఎవరు ఎత్తలే. మోగి మోగి దానంతట అదే ఆగింది.

మీరు నొక్కే నంబరు ఇంకా ఎత్తుతరు. ఆ గొంతు హలో అంటది. అన్నంక చలి గురించి మాట్లాడకున్రి, తప్పు నాది అనున్రి. ఆదివారం దాక ఆగకున్రి, పండుగ దాక ఆగకున్రి. నడిచిపోయే దూరమైతె చెప్పులేసుకోన్రి. ఈ కాగితం సగంలనే కింద పెట్టినా నాకు బాధ లేదు. లేవున్రి. ఇయ్యాల్నే పోన్రి.