రోగం లేని బర్రెకు విరుగుడు

మామ పోయాడని అత్త ఫోన్ చేసింది. "మీ మామ తెల్లారేసరికి పోయినాడురా. ఆదోనిలో పచ్చగడ్డి దొరికితే ఒక మోపు తీసుకురా, రాణెమ్మ మేత ముట్టడంలేదు" అంది, ఒకే గుక్కలో. రాణెమ్మ వాళ్లింటి బర్రె. గడ్డిమోపుతో ఎమ్మిగనూరు బస్సెక్కాను. "యాడికి సామీ, పెండ్లికా?" అన్నాడు కండక్టరు. చావుకని చెప్తే నమ్మలేదు. మామ వినుంటే కడుపు పట్టుకుని నవ్వేవాడు.

మా మామ పశువుల డాక్టరు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో థర్మామీటరుతోనే తిరిగేవాడు. అది ఎక్కడెక్కడ పెట్టి తీసిందో తెలిసిన బంధువులం కాబట్టి, మాకు ఆయన ముందు ఎన్నడూ జ్వరం వచ్చేది కాదు. పెళ్లి పంక్తుల్లో మేం నమిలే తీరు గమనించి, "నెమరు బాగుందిరా, నీకేం రోగం లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చేవాడు.

వాన మొహం చాటేసిన ఏడాది మా వైపు లేత జొన్నకు విషమెక్కుతుంది. రైతులు నాము అంటారు. మేం కాలేజీలో సైనైడ్ అని చదువుకున్నాం. ఆ చేలో దూరిన గొడ్డు, సూది వేసే డాక్టరు వచ్చేలోపే పడిపోతుంది. అందుకని రైతే అక్కడికక్కడ తాపించగల విరుగుడొకటి పశువైద్య కాలేజీవాళ్లు తయారుచేశారు. అయితే ఆ మందే ప్రాణం తీయదని ముందు తేలాలి. అందుకు ఆరోగ్యంగా ఉన్న పశువులు కావాలి. వాటిని వెతికే పని మామ నెత్తినేసుకున్నాడు.

"రోగం లేని గొడ్డుకు మందేంది సార్? ముందు నీ ఇంట్లో తాపు" అన్నాడొక రైతు, మొహం మీదే.

"నాయమే కదప్పా" అని మామ ఇంటికొచ్చి రాణెమ్మ వైపు చూశాడు. అత్తకు అర్థమైపోయింది.

"కావాలంటే నాకు తాపు. దాని జోలికి పోవద్దు."

"నువ్వు నెమరేయవు కదే" అన్నాడు మామ. తర్వాత నవ్వకుండా అన్నాడు: "నాముతో సచ్చే గొడ్డును కాపాడలేకపోతే బాధ. బాగుండే గొడ్డును మందుతో సంపితే పాపం. అదేందో మనింట్లోనే తేలనీ."

తాపించాడు. మర్నాడు రాణెమ్మ కడుపు ఉబ్బింది, పేడ నీళ్లలా పోయింది. పశువుకు చెడు చేస్తే పరీక్ష అక్కడితో ఆపేయాలి, మందు మూలపడుతుంది. నాముతో ఎన్ని గొడ్లు పడిపోతుంటే చూశాడో, మామ మొహం పాలిపోయింది. అయినా దాచే మనిషి కాదు. కాలేజీకి చెప్పడానికి ఫోన్ తీశాడు.

"కింద పెట్టు దాన్ని" అంది అత్త, కొంగు నలుపుతూ. "మందు కాదు. నేనే."

"ఏం చేసినావే?"

"సచ్చిపోతాదేమో, కడుపునిండా పెట్టి పంపుదామని... పూర్ణం కూరి ఓళిగలు."

"ఎన్ని?"

"బుట్టెడు."

"నెయ్యి?"

"నెయ్యి లేకుండా యాడన్నా పెడ్తారా!"

మామ పేడలోనే కూలబడి నవ్వాడు. "ఇన్నేండ్ల కాపురంలో నాకెప్పుడన్నా బుట్టెడు పెట్టినావా?"

ఉన్నదున్నట్టు కాలేజీకి చెప్పాడు. రాణెమ్మ కడుపు కుదుటపడ్డాక పరీక్ష మళ్లీ మొదలైంది. ఈసారి కాపలాకు నన్ను పిలిపించాడు: వంటింటి తాళంచెవి నా జేబులో, అత్త నా నిఘాలో. రాణెమ్మ ఎప్పట్లాగే మేసింది, పాలిచ్చింది, నన్ను తన్నింది కూడా. మొహం మీద అన్న ఆ రైతే తన ఆవును తోలుకొచ్చాడు. "దీనికీ తాపు సార్. మా ఇంట్లో ఓళిగలు చెయ్యములే."

ఆ మందు ఎక్కాల్సిన మెట్లు ఇంకా ఉన్నాయి. ఈ మెట్టు మాత్రం మామ కళ్లముందే ఎక్కింది.

మామ పోయిన రోజు నేను మోసుకొచ్చిన గడ్డిని రాణెమ్మ వాసన చూసి వదిలేసింది. తర్వాతి రోజుల్లోనూ ఏదో కొరికి ఊరుకునేది. దినాల నాడు అత్త ఒక ఓళిగ చేతబట్టుకుని కొట్టంలోకి వెళ్లింది. అలవాటుగా వెనక్కి తిరిగి, ఎవరూ లేని వాకిలివైపు చూసి, "ఒక్కటేలే" అంది. రాణెమ్మ అందుకుంది. ఆ వెనకే గడ్డికీ మూతి చాచింది. చాలాసేపటికి దాని దవడ అటూ ఇటూ కదలడం మొదలైంది. మూతికి నెయ్యి మెరుస్తోంది. అత్త గాటికి ఆనుకుని, ఆ నెమరునే చూస్తూ కూర్చుంది.