బావ బనీను మీది జొన్న మొలకలు

మా ఇంట్లో మొదట బీరు తయారు చేసింది నేనేనన్న మాట ఇన్నేళ్ళలో ఒక్కరి నోట రాలేదు. పోయిన ఆదివారం నాందేడ్‌లో అక్క మనవడు తమ కొత్త ఇంటి మేడ మీద, తన చేత్తో కాచిన బీరు గ్లాసుల్లో పోసి అందరికీ ఇస్తుంటే, చుట్టాలంతా వాడి వీపు తట్టి, మన వంశంలో ఇలాంటి తెలివి ఇంతకుముందు ఎవరికీ లేదన్నారు. మూల కుర్చీలో కూర్చున్న నా వైపు చూపించి, ఆయన్ను ఆ కుండ దగ్గరికి రానివ్వకండి, బర్రెను చంపిన మనిషి అని ఎవరో అంటే గొల్లున నవ్వారు. ఎనభై దాటిన మా అక్క కూడా నవ్వింది. మిగతావాళ్ళ నవ్వు నాకు పట్టలేదు గానీ, అక్క నవ్వు మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

డెబ్బయ్యవ దశకం చివర్లో నేను నాందేడ్‌లో పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తూ, గోదావరికి దగ్గరలో పాత గల్లీలో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ సర్కారు కచేరీలో గుమాస్తా. హైదరాబాదులో ఏదో పెళ్ళికి పోయినప్పుడు తాగిన బీరు ఆయన మనసులోంచి పోలేదు. కానీ మహారాష్ట్రలో తాగాలంటే పర్మిట్ కావాలి, కచేరీ మనిషి దుకాణం ముందు నిలబడితే ఊరంతా తెలుస్తుంది. మా మిల్లులో సికింద్రాబాదు నుంచి వచ్చిన ఫిట్టరు ఒకాయన ధాన్యం మొలకెత్తించి బీరు చేస్తారని చెప్పాడని నేను నోరు జారితే, బావ నన్ను వదల్లేదు. "నువ్వు చెయ్యి బామ్మర్ది, తాగెటానికి నేనున్న గద" అన్నాడు. నన్ను పురికొల్పింది ఆయనేనన్న సంగతి కూడా తరువాత ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

మాకు దొరికేది జొన్నలే. మొదటిసారి మొలకెత్తించకుండానే ఉడికించి, రొట్టెల బట్టీ నుంచి తెచ్చిన ఖమీరు, అంటే పిండి పొంగడానికి వేసే పులుపు, కలిపితే పుల్లటి గంజి తయారైంది. అక్క అత్తగారు వేలు ముంచి నాకి, దీనికంటే మన అంబలే నయమని కుండ తీసుకుపోయి కొట్టంలో ఉన్న మా గేదె ముందు పెట్టింది. రెండోసారి మొలకెత్తించాను గానీ, పొంగు అణగకముందే సోడా సీసాల్లో పోసి బిరడాలు బిగించాను. మిట్టమధ్యాహ్నం అటక మీద అవి ఒకదాని తరువాత ఒకటి తుపాకుల్లా పేలాయి. పక్కింటి మరాఠీ ఆవిడ గోడ మీదుగా తొంగి చూసి ఏమైందని అడిగితే, తొక్కు జాడీ పగిలిందని అక్క చెప్పింది గానీ, ఆ వాసన తొక్కుది కాదని ఏ ముక్కుకైనా తెలుస్తుంది. ఆ తరువాత చాలా రోజులు గల్లీలో సైకిలు బెల్లు మోగినా దొంగసారా పట్టుకునే దారూబందీ వాళ్ళే వచ్చారని ఉలిక్కిపడేవాణ్ణి. బావ కొలువు పోతే ఆ ఇల్లు గడవదు, దానికి కారణం నేనవుతాను.

మూడోసారికి పని పట్టుబడింది. జొన్నలు మొలకెత్తాక ఎండబెట్టి, ఆ మొలకలనూ వేళ్ళనూ చేత్తో నలిపి పూర్తిగా తీసేయాలి. రుచి కోసమని ఫిట్టరు చెప్పాడు గానీ, మర్ఖేల్ వైపు పొలాల్లో పుట్టిన నాకు ఇంకో కారణం తెలుసు. జొన్న లేత పిలకలు మేస్తే పశువు నిలువునా కూలిపోతుంది. దాన్నే మావాళ్ళు నాము అంటారు. వానలు వెనకబడి పైరు వాడిన ఏడు, పశువుల్ని ఆ చేను గట్టుకు కూడా పోనివ్వరు. అందుకే తరువాతి విడత కోసం నలిపి తీసిన మొలకలన్నీ ఒక బుట్టలో వేసి కొట్టం గోడ మీద పెట్టి, సాయంత్రం వచ్చి గోతిలో పూడ్చిపెడతానని, అంతవరకు ఎవరూ ముట్టుకోవద్దని అక్కకూ బావకూ మరీ మరీ చెప్పాను. ఇద్దరూ తల ఊపారు.

ఆ ఉదయమే మూడోసారి చేసిన సీసాల్లో మొదటిది తెరిచాను. బావ ఇత్తడి గ్లాసుతో రెండు గ్లాసులు తాగి, హైదరాబాదులో తాగింది అచ్చం ఇదేనని మురిసిపోయాడు. నేనూ నాలుగు గుక్కలు తాగి మిల్లుకు పోయాను. తిరిగి వచ్చేసరికి గేదె నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటోంది, నోట నురగ. తొట్టిలో నా బుట్ట బోర్లపడి ఉంది. గేదె తల దగ్గర కూర్చున్న అత్తగారు నన్ను చూసి మెల్లగా అంది. "నాము తిన్నది రా. గా జొన్నలే గద, నా కొడుకు కడుపుల గూడ పోసినవ్?"

నేను లోపలికి పరుగెత్తాను. మొలకలు తీసేశానని తెలుసు, కానీ ఒక్కటీ మిగలలేదని ఎవరు చెప్పగలరు? లోపల బావ గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. దవాఖానకు పోదామని చేయి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

"ఏం తాగినవని డాక్టరు అడుగుతడు. ఏమని చెప్పాలె? సస్తే ఇంట్లనే సస్త, కొలువన్న దక్కుతది నా పిల్లలకు."

నాముకు మావైపు వాళ్ళకు తెలిసిన మందు బెల్లం నీళ్ళే. వెదురు గొట్టంతో గేదె గొంతులో పోశాము, అవే నీళ్ళు గ్లాసుతో బావకు తాగించాము. గేదె ఊపిరి విని లోపలికి పరుగెత్తడం, బావ ఊపిరి విని బయటికి పరుగెత్తడం, ఆ సాయంత్రమంతా అదే నా పని. నేనూ తాగానన్న సంగతి చాలాసేపటికి గుర్తొచ్చి, నా నాడి నేనే పట్టుకుని చూసుకున్నాను. దీపాలు పెట్టే వేళకు గేదె పోయింది. బావ మాత్రం పోలేదు. కాసేపటికి ఆకలేస్తోందన్నాడు.

అప్పుడు చూశాను. ఆయన తెల్ల బనీను భుజం మీద, బుట్ట ఎత్తి మోసిన చోట, ఎండిన జొన్న మొలకలు దారపు పోగుల్లా అంటుకుని ఉన్నాయి. గేదెకు మేత వేయడం ఎన్నడూ ఎరగని మనిషి, రెండు గ్లాసుల హుషారులో ఆ రోజే దాని మీద ప్రేమ పుట్టించుకున్నాడు. నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసి, అరచేత్తో ఆయన భుజం దులిపేసింది. ఆయన తాగి ఉన్నాడని తెలిస్తే కొలువు పోతుందని నేనూ ఆ సంగతి బయటపెట్టలేదు. మర్నాటి నుంచి గల్లీ మొత్తానికి నేను బర్రెను చంపినవాణ్ణి.

ఇప్పుడు అక్క మనవడికి మొలకలు తీసి ఎండబెట్టిన ధాన్యం ప్యాకెట్లలో ఇంటికే వస్తుంది. ఆ గల్లీలో గేదెలు లేవు, సైకిలు బెల్లుకు ఉలిక్కిపడేవాళ్ళు లేరు, నాము అంటే ఏమిటని పిల్లలు అడగను కూడా అడగరు. భయం పోవడం మంచిదే. కానీ ఒక పశువుకూ ఒక మనిషికీ ఒకే బిందెలోంచి బెల్లం నీళ్ళు పోస్తూ, రెండు ప్రాణాలూ దక్కాలని ఒకే వణుకు వణికిన ఆ ఇల్లు కూడా ఆ భయంతో పాటే పోయింది. బావ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన కొలువుకు వచ్చే ముప్పు లేదు, దారూబందీ వాళ్ళు వచ్చేదీ లేదు. ఆనాడు చూసినవాళ్ళలో అక్కా నేనూ ఇద్దరమే మిగిలాం.

అక్కా, నవ్వింది చాలు. ఆ సాయంత్రం బావ భుజం మీద నుంచి నువ్వు దులిపింది ఏమిటో, వచ్చే ఆదివారం ఆ మేడ మీద అందరి ముందూ చెప్పు.